తాత థర్డ్ ఫారం, నాన్న పీయూసీ, నేను ఇంటర్: అప్పటి చదువే నయమా?

గోదారిగట్టు అడిగిన ప్రశ్న

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అటక మీది ట్రంకుపెట్టె కిందికి దించాం. పొలం దస్తావేజు కోసం దించితే అడుగున గుడ్డసంచిలో మా ఇంటి చదువు కాగితాలు బయటపడ్డాయి. తాతయ్యది 1941 నాటిది, థర్డ్ ఫారం పాసైనట్టు. నాన్నవి రెండు, 1964 ఎస్ఎస్ఎల్సీ పుస్తకం (నిజంగానే చిన్న పుస్తకంలా ఉంది), తర్వాతి ఏడు పీయూసీ మార్కుల పట్టీ. నాది 1993 ఇంటర్ మెమో. మా అబ్బాయి ఇప్పుడు హైదరాబాద్‌లో సీబీఎస్ఈ ఎనిమిదో తరగతి. ఒకే ఇంట్లో నాలుగు తరాలు, ఏ ఇద్దరం ఒకే రకం చదువు చదవలేదు. ఈ ఫారాలేంటో, పీయూసీ ఎందుకొచ్చి ఎందుకు పోయిందో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు.

అసలు బాధ వేరే ఉంది. తాతయ్య థర్డ్ ఫారంతో ఆపేశారు, అయినా ఊళ్ళో సగం మంది అర్జీలు ఆయనే రాసేవారు, తాలూకా ఆఫీసుకి ఇంగ్లీషులో కూడా రాసేవారు. వడ్డీ లెక్క కాగితం లేకుండా చెప్పేవారు. మా వాడు ఇంగ్లీషు పాఠం గడగడా చదువుతాడు, అర్థం చెప్పరా అంటే ఆగిపోతాడు. తెలుగు పేపరు హెడ్డింగు కూడబలుక్కుంటాడు. వాడి ఒక్క ఏడాది ఫీజు తాతయ్య జీవితంలో కళ్ళచూసి ఉండరు. పేరెంట్స్ మీటింగ్ ఉందంటే వారం ముందునుంచే నాకు టెన్షన్.

అందుకే అడుగుతున్నాను. ఇన్నిసార్లు మార్చి ముందుకొచ్చామా, ఉన్నదాన్ని పాడుచేసుకున్నామా? తెలిసినవాళ్ళు కాస్త ఓపిగ్గా చెప్పండి.


పాత సోషల్ మాస్టారు

బాబూ, మీ నాన్నగారిదీ నాదీ ఒకటే బ్యాచి. నేనూ 1964లోనే ఎస్ఎస్ఎల్సీ. 1970లో టీచరుగా చేరి 2005లో రిటైరయ్యాను కాబట్టి పీయూసీ పోవడమూ ఇంటర్ రావడమూ దగ్గరుండి చూశాను.

ముందు ఫారాల సంగతి. మద్రాసు రాష్ట్రంలో ఒకటి నుంచి ఐదు వరకు ఎలిమెంటరీ. ఆరో తరగతికి హైస్కూల్లో చేరితే దాన్ని ఫస్ట్ ఫారం అనేవారు, అలా సిక్స్త్ ఫారం అంటే పదకొండో తరగతి. కాబట్టి మీ తాతగారిది ఎనిమిదో తరగతి. ఆయన ఇంగ్లీషులో అర్జీ రాయగలిగారంటే ఆశ్చర్యపోనక్కర్లేదు, ఆ రోజుల్లో హైస్కూలు అంటేనే సర్కారు కొలువుకి తయారుచేసే చోటు. హైస్కూలు అందుబాటులో లేని ఊళ్ళలో హయ్యర్ ఎలిమెంటరీ బడులుండేవి. అక్కడ ఎనిమిది చదివి ఈఎస్ఎల్సీ పరీక్ష రాసేవారు, అది పాసైతే ట్రైనింగు చేసి బడిపంతులు కావచ్చు. అంటే అదే ఎనిమిదేళ్ళ చదువుకి రెండు దారులు, హైస్కూలు దారిలో నడిచినవాడు కాలేజీ వైపు, రెండోవాడు బడిపంతులు ఉద్యోగంతో అక్కడే ఆగిపోయేవాడు. ఏ దారిలో పడతామన్నది ఊరికి హైస్కూలు ఎంత దూరమనేదాన్ని బట్టి ఉండేది, బుర్రని బట్టి కాదు.

పదకొండు చివర ఎస్ఎస్ఎల్సీ పరీక్ష. దాని తర్వాత పాతకాలంలో రెండేళ్ళ ఇంటర్మీడియట్ ఉండేది, అది యూనివర్సిటీ చేతిలోది, ఆ తర్వాత రెండేళ్ళు బీఏ. 1950ల రెండో సగంలో ఆ ఇంటర్ తీసేసి ఒక్క ఏడాది పీయూసీ (ప్రీ యూనివర్సిటీ కోర్సు), దాని మీద మూడేళ్ళ డిగ్రీ పెట్టారు. అంటే ఇంటర్ అనే పేరు మనకి రెండుసార్లు వచ్చింది. దేశం మొత్తానికి ఒకే మెట్ల వరస ఉండాలని 1964-66 మధ్య కూర్చున్న కొఠారీ కమిషన్ చెప్పింది, పదేళ్ళ బడి, రెండేళ్ళ ప్లస్ టూ, మూడేళ్ళ డిగ్రీ. మన రాష్ట్రం ఇందులో తొందరగా కదిలింది. 1969-70లో రెండేళ్ళ ఇంటర్ మొదలైంది, 1971లో దానికంటూ బోర్డు పెట్టారు. మీ నాన్నగారి పీయూసీ అలా చరిత్రలో కలిసిపోయింది.

పీయూసీలో ఒక నరకం ఉండేది, అది కూడా చెప్పాలి. పదకొండేళ్ళు తెలుగులో లెక్కలూ సైన్సూ చదువుకున్న పిల్లల్ని ఒక్కసారిగా ఇంగ్లీషు లెక్చర్ల ముందు కూర్చోబెట్టేవారు. ఒక్కటంటే ఒక్క ఏడాది. పాఠం అర్థమయ్యేసరికి పరీక్షలొచ్చేవి. మా క్లాసులో సగానికి పైగా తప్పారు, తప్పినవాళ్ళకి మళ్ళీ పెట్టే పరీక్షలో నేను సెప్టెంబర్‌లో గట్టెక్కాను. అది మా తెలివితక్కువ అనుకుని చాలామంది మళ్ళీ పుస్తకం ముట్టలేదు.

ఇంకో లెక్క. మా ఊరి బడిలో ఒకటో తరగతిలో నాతో కూర్చున్నవాళ్ళు అరవై మంది దాకా ఉంటారు. సిక్స్త్ ఫారం దాకా వచ్చింది నలుగురం. మీ తాతగారి తెలివిని మీ అబ్బాయితో పోల్చేముందు ఆ మిగతా యాభై ఆరు మందిని కూడా గుర్తుపెట్టుకోండి. వాళ్ళ కాగితాలు ఏ ట్రంకుపెట్టెలోనూ ఉండవు.


సీమ పాతకాగితం

మాస్టారు చెప్పినదానికి ఇంకా వెనక్కి వెళ్ళి కొంచెం కలుపుతాను, నాది అనంతపురం, ఈ పాత రికార్డులు చదవడం నాకు పిచ్చి.

1822లో మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో (మా సీమలో పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే ఎంత గుర్తుపెట్టుకున్నారో చూడండి) ప్రతి కలెక్టరునీ జిల్లాలో ఎన్ని బడులున్నాయో, ఎవరి పిల్లలు చదువుతున్నారో లెక్క పంపమన్నాడు. మరుసటి ఏడు బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ పంపిన జవాబు మాకు సొంతం, ఎందుకంటే అప్పటి బళ్ళారి జిల్లాలోనే మా అనంతపురం ఉంది. జనం తొమ్మిది లక్షల పైచిలుకు, బడులు 533. అందులో కన్నడం నేర్పేవి 235, తెలుగువి 226, ఇంగ్లీషు నేర్పేది ఒకే ఒక్కటి. పిల్లలు 6,641. సర్కారు పెట్టిన బడులు కావివి, ఊరివాళ్ళు తలా కొంత ఇచ్చుకుని పంతుల్ని నిలబెట్టుకున్నవి.

ఆయన ఆ బడి ఎలా నడిచేదో కూడా రాశాడు. పొద్దున ఆరింటికి బడి. మొదట వచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, రెండోవాడికి సున్నా, మూడోవాడికి బెత్తంతో చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వెనక వచ్చినకొద్దీ పెరిగేవి. మా అవ్వ దీన్నే శ్రీ, చుక్క అని చెప్పేది, అంటే వందేళ్ళ తర్వాత కూడా ఆ అలవాటు పోలేదన్నమాట. ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దించడం, పెద్ద పిల్లలతో చిన్నవాళ్ళకి చెప్పించడం చూసి క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు, ఇంగ్లండులో ఈ పద్ధతిని అనుకరించడం సబబే అన్నాడు. ఆ పద్ధతిని మద్రాసులో చూసి అక్కడికి తీసుకెళ్ళింది ఆండ్రూ బెల్ అనే పాదిరి.

గోదారిగట్టు గారూ, మీరు మీ అబ్బాయి గురించి చెప్పిన మాటే ఈయన కూడా రాశాడు చూడండి. పిల్లలు పద్యాలు బట్టీపట్టి అప్పజెబుతున్నారు, అది ఇంట్లో మాట్లాడే భాష కాదు కాబట్టి వాళ్ళకీ అర్థం తెలియదు, చాలాసార్లు పంతులుకీ తెలియదు అని. 1823లో! అప్పుడు గ్రాంథికం తెలుగు, ఇప్పుడు ఇంగ్లీషు. ఇంటి భాషకీ బడి భాషకీ మధ్య గోడ మాత్రం అలాగే ఉంది. ఆ గోడ మీదే గిడుగు రామమూర్తి గారు జీవితమంతా పోట్లాడారు. మనవాళ్ళు ఆయన్ని వాడుక భాష మనిషిగానే గుర్తుపెట్టుకుంటారు గానీ పర్లాకిమిడి దగ్గర సవర పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని బడులు నడిపిన మనిషాయన. నాకైతే ఆయన చేసిన పనుల్లో అదే గొప్పది.

మరి ఆ 533 బడులు ఏమయ్యాయి? కూలిపోతున్నాయని క్యాంప్‌బెలే రాశాడు. ఇంగ్లండు బట్ట వచ్చి ఇక్కడి నేతపని దెబ్బతింది, పాత సంస్థానాల ఖర్చు ఆగిపోయింది, జనం పేదవాళ్ళయ్యారు, పంతులుకి ఇచ్చే స్తోమత పోయింది. ఒకప్పుడు బడి ఉన్న ఊళ్ళలో ఇప్పుడు లేదన్నాడు. మన్రో జిల్లాకి రెండు, తాలూకాకి ఒకటి చొప్పున సర్కారు ఖర్చుతో బడులు పెడదామన్నాడు. 1827లో మా పక్కనే పత్తికొండలో కలరాతో పోయాడు, ఆ పథకం కూడా నీరసపడిపోయింది. 1835లో మెకాలే వచ్చి ఇంగ్లీషు చదువుకే డబ్బు అన్నాడు. 1854లో లండన్ నుంచి ఉడ్ పంపిన ఉత్తర్వు సామాన్య జనానికి వాళ్ళ భాషలో చదువు చెప్పమనే అన్నది, ప్రైవేటు బడులకి గ్రాంటు ఇవ్వమన్నది. మనం ఇప్పటికీ ఎయిడెడ్ బడి అంటున్నామే, ఆ మాట పుట్టిల్లు అదే. కానీ 1857లో మద్రాసు యూనివర్సిటీ వచ్చింది, వచ్చింది అంటే పాఠాలు చెప్పడానికి కాదు, పరీక్షలు పెట్టడానికి. ముందు పైన పరీక్ష పుట్టింది, తర్వాత ఆ పరీక్షకి పిల్లల్ని ఎక్కించడానికి కింద హైస్కూళ్ళు పెరిగాయి. మన చదువు మొత్తం పరీక్ష చుట్టూ ఎందుకు తిరుగుతుందంటే నా మటుకు నాకు కనిపించే కారణం ఇదే.

ఒక్క అంకె వదిలేశాను. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60.


పాలమూరు మనవడు

అన్నలూ, మీరంతా మద్రాసు లెక్కే చెబుతున్నారు, మా దిక్కు కథ పూర్తిగా వేరే. మా తాత దగ్గర ఉన్న కాగితం ఉర్దూలో ఉంది, మా ఇంట్లో చదవగలిగిన ఆఖరి మనిషి ఆయనే. ఆయన పోయాక ఆ కాగితం మాకు బొమ్మలాగా మిగిలింది.

నిజాం రాజ్యంలో ప్రైమరీని తహతానియా, మిడిల్‌ని వస్తానియా, హైస్కూల్‌ని ఫౌకానియా అనేవాళ్ళు. తాత వస్తానియా వరకు చదివిండు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. పైన 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టిండ్రు, ఇంజినీరింగ్, డాక్టరీ కూడా ఉర్దూలో చెప్పేటందుకు పుస్తకాలు తర్జుమా చేయించే సంస్థనే విడిగా నడిపిండ్రు. ఒక భారతీయ భాషలో అంత పెద్ద చదువు చెప్పొచ్చని దేశానికి చూపించింది అదే, ఆ గొప్పతనం ఒప్పుకోవాలె. కానీ రాజ్యంలో ఎక్కువ మంది మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. మా తాతకి ఉర్దూ కూడా ఇంగ్లీషు అంత దూరమే.

తెలుగు బడి పెట్టుకుందామంటే సర్కారు అనుమతి కావాలె, ఖాన్గీ బడులంటే ప్రైవేటు బడులు, వాటి మీద గట్టి ఆంక్షలుండేవి. అందుకే మా దిక్కు చదువు లైబ్రరీల రూపంలో వచ్చింది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం. తాత తెలుగు నేర్చుకున్నది బడిలో కాదు, పక్కూరి గ్రంథాలయంలో పేపరు చదివి వినిపించే మనిషి దగ్గర. 1948 తర్వాత బడులల్ల ఉర్దూ పోయింది, ఉస్మానియా ఇంగ్లీషులోకి మారింది. తాత చదువు ఒక్కసారిగా పనికిరాకుండా పోయిందని మా నాయన చెప్పేవాడు, ఉర్దూ తెలిసిన గుమాస్తా అక్కర లేదన్నరు. సదువుకున్నోడే సదువురానోడు అయిపోయిండు.

మా నాయన దశ మార్చింది మాత్రం ఒక్కటే, సర్వేలు గురుకులం. 1971లో పీవీ నరసింహారావు గారి హయాంలో నల్లగొండ జిల్లాలో మొదలుపెట్టిండ్రు, ఆ తర్వాత ఏడాది తాడికొండ, కొడిగెనహళ్ళి. ఊర్లల్ల తెలివైన పేద పిల్లలని పరీక్ష పెట్టి తీసుకుని, తిండి, పుస్తకాలు, పడక అన్నీ ఇచ్చి చదివించుడు. మా నాయన మొదటి కొన్ని బ్యాచిలల్ల ఉన్నడు. ఎండాకాలం సెలవులకి ఇంటికొస్తే అందరూ ఆయన కాళ్ళకున్న చెప్పులు చూసేటోళ్ళంట. అవి బడి ఇచ్చినయి.


మొదటి తరం టీచరమ్మ

ఇక్కడి పోస్టులన్నీ చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. గోదారిగట్టు గారూ, మీ బాధ నాకు అర్థమైంది, మీ మీద కోపం లేదు. కానీ "అప్పటి చదువే నయమా" అని మీరు అడిగితే నాకు వెంటనే వచ్చే ప్రశ్న, ఎవరికి అని. మా ఇంట్లో అప్పటి చదువు లేదు. నాలుగు తరాలు వెతికినా మా ట్రంకుపెట్టెలో కాగితం ఒక్కటే దొరుకుతుంది, అది నాది.

నేను రంగారెడ్డి జిల్లాలో పుట్టాను. తొమ్మిదేళ్ళ వరకు బడికి పోలేదు, పత్తి చేలో పూలకి క్రాసింగు చేసేదాన్ని. ఆ పని ఆడపిల్లలకే ఇస్తారు, వేళ్ళు సన్నగా ఉంటాయని, కూలి తక్కువని. 1990లలో శాంతా సిన్హా గారి ఎంవీ ఫౌండేషన్ వాళ్ళు మా ఊళ్ళన్నీ తిరిగారు. వాళ్ళ మాట ఒక్కటే, బడిలో లేని ప్రతి పిల్లా పిల్లాడూ పనిపిల్లలే, ఇందులో మినహాయింపు లేదు అని. మా అమ్మ మూడుసార్లు వెనక్కి పంపింది, నాలుగోసారి పంపించింది. బ్రిడ్జి క్యాంపులో చేర్చుకుని ఒకటో తరగతి నుంచి కాకుండా మా వయసుకి తగ్గ తరగతిలో కూర్చునేలా తయారుచేశారు. పదేళ్ళ పిల్లని ఐదేళ్ళ పిల్లల పక్కన కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతుంది కదా, ఆ చిన్న సంగతి కనిపెట్టినవాళ్ళే మమ్మల్ని నిలబెట్టారు. తర్వాత సాంఘిక సంక్షేమ గురుకులం, డిగ్రీ, బీఈడీ, డీఎస్సీ. ఇప్పుడు ప్రభుత్వ బడిలో లెక్కలు చెబుతున్నాను.

బీఈడీలో చదువు హక్కు చరిత్ర చదివినప్పుడు ఏడుపొచ్చింది. అందరికీ ఉచిత నిర్బంధ చదువు కావాలని గోఖలే 1911లోనే బిల్లు పెట్టారు, ఓడగొట్టారు. రాజ్యాంగంలో 45వ అధికరణం పదేళ్ళలో 14 ఏళ్ళ వరకు పిల్లలందరికీ చదువు చెప్పాలంది, అంటే 1960 నాటికి. అది ఆదేశిక సూత్రం, కోర్టుకెళ్ళి అడిగేది కాదు. 1993లో సుప్రీంకోర్టు 14 ఏళ్ళ వరకు చదువు ప్రాథమిక హక్కేనని గట్టిగా చెప్పింది, ఆ కేసు మన రాష్ట్రానిదే, ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్. అది పుట్టింది మాత్రం ప్రైవేటు మెడికల్, ఇంజినీరింగు కాలేజీల క్యాపిటేషన్ ఫీజు గొడవలో. డబ్బున్న చదువు గురించి తగువు జరుగుతుంటే అందులోంచి మాలాంటివాళ్ళ హక్కు బయటికొచ్చింది. 2002లో రాజ్యాంగ సవరణ, 2009లో చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. గోఖలే బిల్లు నుంచి లెక్కపెడితే 99 ఏళ్ళు.

ఇంకోటి, అన్నం. బడిలో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. ఏ కమిటీ రిపోర్టు కంటే ఆ పళ్ళెం ఎక్కువ మంది పిల్లల్ని నా బడికి తెచ్చింది. సోమవారం పొద్దున హాజరు ఎక్కువ ఉంటుంది, ఎందుకో ఏ టీచర్నైనా అడగండి, ఆదివారం చాలామంది సరిగ్గా తినరు.

అయితే మీరు చెప్పిన సమస్య లేదనను. నా ఏడో తరగతిలో నలభై మంది ఉంటే భాగహారం వచ్చినవాళ్ళు సగం కూడా లేరు. బడికి అందరూ వచ్చారు, చదువు అందరికీ రాలేదు. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఇంగ్లీషు మీడియం వచ్చింది. మా పిల్లల తల్లిదండ్రులకి అది కావాలి, నేను కాదనలేను, పెద్దింటి పిల్లలకి ఇన్నేళ్ళూ ఇంగ్లీషు ఇచ్చి మా వంతు వచ్చేసరికి మాతృభాష గొప్పదంటే ఎవరు ఒప్పుకుంటారు? కానీ రోజూ క్లాసులో నేను చూసేది సీమ అన్న చెప్పిన ఆ గోడే. పిల్లకి లెక్క తెలుసు, అడిగిన ప్రశ్న తెలియదు. నేను పాఠం ఇంగ్లీషులో చదివి తెలుగులో చెబుతాను. రెండూ నేర్పే పద్ధతి మాకు ఎవరూ నేర్పలేదు, మాకు మేమే వెతుక్కుంటున్నాం.


జూనియర్ లెక్చరర్

మాస్టారు గారు ఇంటర్ గురించి చెప్పినదాంట్లో ఒక ముఖ్యమైన మలుపు ఉంది, అది పట్టించుకోకుండా వెళ్ళిపోకూడదు. ప్లస్ టూ చాలాచోట్ల బడిలోనే కలిసి ఉంటుంది. పక్కనే తమిళనాడులో 1978లో పెట్టినప్పుడు హైస్కూలుకే ఇంకో రెండు తరగతులు కలిపి హయ్యర్ సెకండరీ అన్నారు. సీబీఎస్ఈ కూడా అంతే. మనం మాత్రం బడి నుంచి విడదీసి జూనియర్ కాలేజీ అని వేరే గడప పెట్టాం. పదిహేనేళ్ళ పిల్లలు పది కాగానే బడి మారాలి, చాలాచోట్ల ఊరే మారాలి. ఊళ్ళో హైస్కూలు ఉంటుంది, కాలేజీ మండల కేంద్రంలోనో పట్నంలోనో. ఆడపిల్లల చదువు ఎక్కడ ఆగుతుందో చూడండి, ఆ గడప దగ్గరే.

ఆ గడప దగ్గరే వ్యాపారం కూడా కూర్చుంది. ఎంసెట్ వచ్చాక ఈ రెండేళ్ళు ఎవరి చేతిలో ఉంటే ర్యాంకులు వాళ్ళవి. బడితో సంబంధం లేని విడి రెండేళ్ళు కాబట్టి మొత్తం కొత్తగా కట్టొచ్చు, హాస్టలు, స్టడీ అవర్లు, వారం వారం టెస్టులు. మా అక్క కొడుకుని ఒక పెద్ద రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. పొద్దున ఐదు నుంచి రాత్రి పదిన్నర దాకా చదువే, నెలకోసారి ఇంటికి ఫోను. మార్కులు తగ్గిన సెక్షన్ వాళ్ళని వేరే బిల్డింగుకి మార్చేవారు. వాడు రెండో ఏడు మధ్యలో ఏడుస్తూ తిరిగొచ్చాడు. ఇప్పుడు బాగున్నాడు, ఐటీఐ చేసి సొంతంగా ఏసీ మెకానిక్ పని చేసుకుంటున్నాడు, కానీ ఆ ఏడాదిన్నర గురించి ఇప్పటికీ మాట్లాడడు. నేను ప్రభుత్వ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి, మా సొంత ఇంటి పిల్లాణ్ణి మా కాలేజీలో వేయమని గట్టిగా చెప్పలేకపోయాను. ఆ తప్పు నాది.

1969లో ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళు ఇదంతా ఊహించి ఉండరు. అప్పుడు పీయూసీ పిల్లలు డిగ్రీ కాలేజీల్లో నలిగిపోతున్నారు, వాళ్ళకి నిలదొక్కుకునే టైము కావాలి, అందుకే రెండేళ్ళు. మంచి ఉద్దేశమే.


గోదారిగట్టు

అందరికీ పేరుపేరునా దణ్ణం. మాస్టారు రాసిన పీయూసీ సంగతి ఫోన్లో నాన్నకి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పారు, ఆయన కూడా పీయూసీలో ఫిజిక్స్ మొదటిసారి తప్పారట, మాకెప్పుడూ చెప్పలేదు. మార్కుల పట్టీ మళ్ళీ చూస్తే అది నిజంగానే సెప్టెంబర్‌ది. ఇన్నేళ్ళూ అది తన చేతగానితనం అనుకున్నానన్నారు. మొత్తం క్లాసులో సగం మంది తప్పారంటే తప్పు మాది కాదు కదరా అని రెండుసార్లు అడిగారు.

టీచరమ్మ గారూ, మీ మాట నాకు గట్టిగా తగిలింది, తగలాల్సిందే. మా తాతయ్య అర్జీలు రాసిపెట్టేవారని గర్వంగా రాశాను, అంతమందికి ఆయన ఎందుకు రాసిపెట్టాల్సి వచ్చిందో ఒక్కసారీ ఆలోచించలేదు. మా నాయనమ్మ తనకి వచ్చిన ఉత్తరాలు కూడా వేరేవాళ్ళతో చదివించుకునేది.

మా వాడి విషయంలో ఒకటి మొదలుపెట్టాం. రాత్రి వాడు సైన్సు పాఠం ఇంగ్లీషులో చదువుతాడు, తర్వాత నాకు తెలుగులో చెప్పాలి. మొదటి రోజు పావుగంట దిక్కులు చూశాడు. నిన్న కిరణజన్య సంయోగక్రియ అనే మాట వాడే గూగుల్‌లో వెతికి తెచ్చి, నాన్నా ఇంత పొడుగు మాటెందుకు, ఎండతో వంట అంటే సరిపోదా అన్నాడు. టీచరమ్మ గారూ, ఇలా చేయడం సరైన పద్ధతేనా, ఇంకేమైనా ఉందా? మాస్టారూ, ఆ పాత కాగితాలు అంచులు పొడిపొడిగా రాలిపోతున్నాయి, లామినేషన్ చేయిద్దామనుకుంటున్నాను.


మొదటి తరం టీచరమ్మ

ఎండతో వంట! రేపు మా సైన్సు సార్‌కి చెబుతాను. పద్ధతి సరైనదే, కాకపోతే రోజూ మీరే అడిగితే పరీక్షలా అయిపోతుంది. వాళ్ళ నాయనమ్మకి ఫోన్ చేసి చెప్పమనండి, ఆవిడకి నిజంగా తెలియదు కాబట్టి నిజంగా అడుగుతారు.


పాత సోషల్ మాస్టారు

బాబూ, లామినేషన్ మాత్రం వద్దు. వేడికి పాత సిరా మసకబారుతుంది, మళ్ళీ విడదీయలేం. ముందు ఫోన్‌తో రెండువైపులా ఫోటోలు తీసిపెట్టు, తర్వాత ఉతికిన నూలుగుడ్డలో మడత పెట్టకుండా చుట్టి, తేమ తగలని చోట పెట్టు. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు, తప్పు మాది కాదని నేనూ అన్నానని చెప్పు.

పాలమూరు మనవడూ, తాతగారి ఉర్దూ కాగితం ఫోటో ఇక్కడ పెట్టు, పేర్లు కనబడకుండా. నా పాత స్టూడెంట్ ఒకామె ఉర్దూ టీచరు, చదివి చెబుతుంది.